కాటా ఎక్కిన కంప్యూటరు బాబు

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళిన తరం మాది. ఆ రోజుల్లో దానికి ఏసీ ఉండేది, దాని ముందు కూర్చునే మనిషికి ఫ్యాను కూడా ఉండేది కాదు. దుమ్ము పడకుండా పూల గుడ్డతో దానికో తొడుగు కుట్టించేవారు. పొద్దున్నే ఆ తొడుగు తీసే హక్కు ఎవరిదో వాళ్ళే ఆ ఆఫీసులో పెద్దమనిషి. అలాంటి కాలంలో నేను ఇంజినీరింగు పూర్తి చేసి, విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో, కంప్యూటర్లకి డ్రైవర్లు రాసే ఉద్యోగంలో చేరాను. ("మావాడు డ్రైవరు పనిలో చేరాడండీ" అని మా అమ్మ వీధిలో చెబితే, "పోనీలెండి, అంత చదువు చదివినా కష్టపడే గుణం పోలేదు" అని పక్కింటి పిన్నిగారు ఓదార్చారట.) డ్రైవరంటే మరేం కాదు. ఏదైనా యంత్రాన్ని వైరుతో కంప్యూటరుకి తగిలిస్తే, ఆ యంత్రం చెప్పేది అందుకుని కంప్యూటరుకి అప్పజెప్పే చిన్న ప్రోగ్రాము. పూర్వం దొరలకీ మనవాళ్ళకీ మధ్య దుబాసీ ఉండేవాడు చూశారా, అలాంటిది. ఆ దుబాసీ పనిలో నన్ను మించినవాడు ఉత్తరాంధ్రలో లేడని నా గట్టి నమ్మకం. ఆ పని చేసేవాడు ఉత్తరాంధ్రలో నేను కాక ఇంకొకడున్నాడో లేదో కనుక్కోలేదనుకోండి, అది వేరే సంగతి.

మా కంపెనీ అంటే ఒక చెప్పుల కొట్టు మీద రెండు గదులు. బాసుగారికి మేం పెట్టుకున్న పేరు 'అయిపోద్దిలే సార్'. ఎవరేం అడిగినా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. అడిగిన మనిషి మెట్లు దిగాక మా వైపు తిరిగి, "అవుద్దంటావా?" అనేవారు. అలాగే ఒకనాడు అరకు దాటి లోపల కొండల్లో ఉన్న ఒక కాఫీ కొనుగోలు కేంద్రానికి మాట ఇచ్చేశారు. సంతరోజున గిరిజన రైతులు కాఫీ పళ్ళు బుట్టల్లో మోసుకొస్తారు. కొత్తగా కొన్న ఎలక్ట్రానిక్ కాటా మీద బుట్ట పెట్టగానే బరువు దానంతట అదే కంప్యూటరు తెర మీద పడాలి. కాటా వెనక వైరు తగిలించడానికి సీరియల్ పోర్టని ఒకటి, కంప్యూటరు వెనక అలాంటిదే ఇంకొకటి, మధ్యలో వైరు, ఈ చివర నా డ్రైవరు. నా ఉద్యోగం అప్పటికి ఇంకా ఖాయం కాలేదు. "ఇది నిలబడితే నువ్వు నిలబడ్డట్టే" అన్నారు బాసుగారు. నిలబడకపోతే ఎక్కడ కూర్చోవాలో నాకు బాగా తెలుసు. బొబ్బిలిలో మా నాన్నకి పంపుసెట్ల విడిభాగాల కొట్టు ఉంది. అందులో ఫుట్‌వాల్వుల అల్మారా పక్కన నా కోసం ఒక కుర్చీ నేను కాలేజీలో ఉన్నప్పటి నుంచీ ఖాళీగా ఎదురు చూస్తోంది. నేను ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా నాన్న బాగున్నావా అని అడిగే ముందు, "కుర్చీకి కొత్త దిండు కుట్టించాను" అనేవారు.

ఆ కొనుగోలు కేంద్రం ఇన్‌ఛార్జి గారిది పాలకొండ వైపు. ఆయన్ని సంతలో అందరూ కేకల బాబు అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆ సంతలో తూకానికి ఒక పద్ధతి ఉంది. రైతు బుట్టని కాటా ఎక్కించి, దించి, పక్కన పెట్టుకుంటాడు. కానీ ఇన్‌ఛార్జి గారు ఆ బరువుని సంతంతా వినబడేలా కేక వేసేదాకా బుట్ట అంచు మీంచి చెయ్యి తియ్యడు. కేక పడగానే ఆ రైతు ఊరివాళ్ళంతా ఆ బరువుని ఒక్క గొంతుతో తిరిగి అంటారు. అప్పుడే తూకం అయినట్టు. అప్పుడే చెయ్యి వదలడం. ఒక ఊరివాళ్ళు ఒకేసారి వస్తారు, ఆఖరివాడి బరువు కేక పడేదాకా ఎవరూ కదలరు, అందరూ కలిసి ఒకే జీపులో పోతారు. ఈ పద్ధతి నాకు మొదట చూసినప్పుడు చాదస్తంగా కనబడింది. (అప్పట్లో నాకు నేను తప్ప అందరూ చాదస్తంగానే కనబడేవారు.)

మొదటి సంతకి నా డ్రైవరు పరువు తీసింది. అసలు జరిగేదేమిటంటే, కాటా బరువుని ఒక ముద్దగా పంపదు, ఒక్కో అక్షరంగా వైరులోకి తోస్తుంది. కంప్యూటరు వెనక ఉన్న చిప్పు ఆ అక్షరాన్ని పట్టుకుని "ఒకటొచ్చింది, తీసుకో" అని పిలుస్తుంది. కంప్యూటరు చేస్తున్న పని అక్కడే పడేసి, పరుగెత్తుకెళ్ళి ఆ ఒక్క అక్షరం తెచ్చుకుని కూర్చునేలోగా ఇంకో పిలుపు. కొత్త పెళ్ళికొడుకుని అత్తవారింట్లో భోజనం మధ్యలో అందరూ పిలిచినట్టు. ఆ కాటా ఒకే బరువుని ఆపకుండా పంపే రకం. ఇది చాలదన్నట్టు నేను, అక్షరం వచ్చినప్పుడల్లా తెర మీద అంకెల్ని పెద్దగా, ఆకుపచ్చ రంగులో, నీడతో సహా మళ్ళీ గీయించేవాణ్ణి. అందం కూడా ముఖ్యమే కదా. కంప్యూటరు ఆ నీడలు దిద్దుకుంటూ కూర్చుంటే, వైరులో వచ్చిన అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి మాయమైపోయేవి. ఇరవై ఆరు కిలోల బుట్ట ఒకసారి రెండు కిలోలు తూగింది, ఒకసారి ఆరు.

"ఏటి బాబూ ఇది? రెండని కేకెయ్యమంటావా, ఆరని కేకెయ్యమంటావా?" అన్నారు కేకల బాబుగారు.

"ఇరవై ఆరండీ" అన్నాను ధీమాగా.

"నీకెలగ తెల్సు?"

"చూస్తే తెలుస్తూనే ఉంది కదండీ."

"సూత్తే తెలిసిపోతే మరి కాటా ఎందుకు బాబూ, కంప్యూటరెందుకు? నిన్నే కూకోబెడితే సరిపోద్ది గదా!"

సంతంతా నవ్వింది. ఆయన మంచివారే. ఆ రాత్రికి వాళ్ళ వరండాలో పడుకోబెట్టి, రాగి అంబలి పోసి, చలికి రెండు దుప్పట్లు ఇచ్చారు. కాని పాత కొక్కెం కాటాని మళ్ళీ దూలానికి వేలాడదీస్తూ చెప్పాల్సింది చెప్పేశారు. "పై సంత సాయంత్రానికి ఇది సరిగ్గా తూచినాదా సరే. నేకపోతే మీ పెట్టి మీరు అట్టుకుపోండి. నా గొంతుకీ ఈళ్ళ కాఫీకీ మధ్యన ఈ గొడవ నానెక్కడ పడతాను?" ఆ పెట్టె తిరిగి వెళ్తే అందులో నా ఉద్యోగం కూడా ఉంటుందని ఆయనకి తెలీదు. నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే అరకు పోవడానికి జీపు ఎక్కాను. ఆ జీపు నడిపేవాణ్ణి అందరూ కమాండరు అనేవారు, ఆ జీపు రకాన్ని బట్టి. నేను ఎక్కేసరికి లోపల ఇద్దరే ఉన్నారు. "పోదామా?" అన్నాను. "నిండనీ బాబూ" అన్నాడు. ఇంకో ఇద్దరొచ్చారు. కోడిపుంజుతో ఒకాయన వచ్చాడు. చీపుర్ల కట్టలు పైకెక్కాయి. నా ఒళ్ళో ఎవరిదో పసిపిల్ల వచ్చి కూర్చుంది. "నిండింది కదా!" అని నేను, "ఇంకా నిండనీ" అని వాడు. విసుగొచ్చి తిట్టబోతూ ఉంటే, చలిలో నా బుర్రకి ఒక వెలుగు తగిలింది. ఈ కమాండరు ఒక్కో మనిషి రాగానే ఎక్కించుకుని అరకు వెళ్ళి దింపి రావడం మొదలుపెడితే ఏమవుతుంది? డీజిలు ఖాళీ అవుతుంది గాని ఊరు ఖాళీ కాదు. సరిగ్గా నా డ్రైవరు చేస్తున్న పని అదే! ఒక్కో అక్షరానికి ఒక్కో ట్రిప్పు! ఆ పసిపిల్లని ఎత్తి ముద్దు పెట్టుకున్నాను. వాళ్ళమ్మ పిల్లని బేగి లాగేసుకుంది.

విశాఖపట్నం వెళ్ళి ఆ వారమంతా 'జీపు పద్ధతి'లో డ్రైవరు తిరగరాశాను. బజారులో కొత్త రకం చిప్పున్న కార్డు దొరుకుతోంది. అది ఒక్క అక్షరం కాదు, ఒక జీపెడు అక్షరాలు దాచుకోగలదు. నిండాకే పిలవమని దానికి చెప్పాను. పిలవగానే కంప్యూటరు వెళ్ళి అందర్నీ ఒక్కసారే దింపుకుని, వరండాలో కూర్చోబెట్టి, వెంటనే తన పనికి తాను పోతుంది. తీరిక దొరికినప్పుడు వరండాలో వాళ్ళని వరసగా లోపలికి పిలిచి, అప్పుడు గీసుకుంటుంది ఆకుపచ్చ అంకెలు, నీడలు. వచ్చినవాళ్ళని దింపుకోవడం వేరు, మర్యాదలు చెయ్యడం వేరు. ఈ ఒక్క ముక్క అర్థమైతే సీరియల్ పోర్టు విద్య సగం వచ్చినట్టే అని ఇప్పటికీ చెబుతాను. చిప్పుతో వచ్చిన పుస్తకంలో ఇంకో సంగతి కూడా ఉంది. కాసేపు వైరులో ఎవరూ రాకపోతే, నిండకపోయినా సరే, ఉన్నవాటితోనే చిప్పు ఇంకో రకం పిలుపు పిలుస్తుందట. 'మన కాటా ఆపకుండా పంపుతూనే ఉంటుంది కదా, ఈ పిలుపు మనకెందుకు' అనుకుని, అది వస్తే వినబడనట్టు ఊరుకోమని డ్రైవరుకి రాసిపెట్టాను. కాటా కంపెనీ నుంచి అదే రకం కాటా ఒకటి అరువు తెచ్చి ఆఫీసులో పరీక్షిస్తే అద్భుతం. ఒక్క అక్షరం రాలలేదు. కాటా మీద డిక్షనరీలు పెట్టాం, బాసుగారి హెల్మెట్టు పెట్టాం, బాసుగారినే పెట్టాం. "అయిపోద్దిలే అన్నానా లేదా?" అన్నారాయన కాటా దిగకుండానే.

రెండో సంతకి, పాసింజరు రైల్లో ఆ సొరంగాలన్నీ దాటుతూ ఒళ్ళో ఫ్లాపీ డబ్బా పెట్టుకుని, యుద్ధం గెలిచి వస్తున్నవాడిలా వెళ్ళాను. కేంద్రం దగ్గర అప్పటికే వరస కట్టారు. కార్డు బిగించి, డ్రైవరు ఎక్కించి, "కానివ్వండి" అన్నాను. మొదటి బుట్ట ఎక్కింది. తెర మీద ఏమీ లేదు. దించారు. ఆ రైతు అంచు పట్టుకుని నా మొహం చూస్తున్నాడు. రెండో బుట్ట ఎక్కింది. టక్కున తెర మీద బరువు పడింది, ఒక్క అంకె చెదరకుండా. నేను ఛాతీ విరిచాను. కేకల బాబుగారు కేక వేశారు, ఊరంతా తిరిగి అంది, రెండో రైతు చెయ్యి వదిలాడు. మొదటివాడు మాత్రం వదల్లేదు. మూడోసారి ఒక బక్క పిల్ల ఇంత చిన్న బుట్ట పెట్టింది. దానికి నలభై కిలోలు పడింది. తర్వాత ఒక వస్తాదు, ఇద్దరు పట్టి ఎత్తాల్సిన బుట్ట పెట్టాడు. దానికి తొమ్మిది.

"నా బుట్ట దాని బుట్టలోకి ఎలగ ఎల్లిపోనాదీ?" అని వస్తాదు. "నానేటి సేసినాను? పెట్టినాను, అంతే!" అని ఆ పిల్ల. కేకల బాబుగారి గొంతు మొదటిసారి ఆ సంతలో ఎవరికీ వినబడలేదు.

నేను వైరు రెండు కొసలూ నొక్కి చూశాను. "కాటా ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడిగాను.

"ఎవులో కాదు బాబూ, మీ బాసుగారే. మొన్న కాటా కంపెనీ మనిషిని పంపి మీట మార్పించినారు గదా. ఒకే బరువు అన్నేసిసార్లు పంపడం దేనికీ, కుదురుకున్నాక ఒక్కసారి పంపితే సాలని" అన్నారు కేకల బాబుగారు.

బాసుగారు నాకు మేలు చేద్దామనే చేయించారు. నాకు చెప్పడం మర్చిపోయారు, అంతే. ఇప్పుడు కాటా ఒక బుట్టకి ఒక్కసారే నోరు విప్పుతుంది, మళ్ళీ ఖాళీ అయి ఇంకేదైనా ఎక్కితే తప్ప పలకదు. ఆ ఒక్కసారి పంపే అక్షరాలతో నా జీపు నిండదు! నిండని జీపు కదలదు. వెనక బుట్ట అక్షరాలొచ్చి తోస్తే తప్ప ముందు బుట్ట బరువు బయటికి రాదు. నేను ఇది మనసులో లెక్క కట్టుకుంటూ ఉండగానే, వరసలో అందరికంటే వెనకున్న ఒక ముసలావిడ కర్ర నేలకి కొట్టింది. ముక్కుకి మూడు ముక్కెరలు, భుజం మీద గొంగడి. తన ఊరి మనుషులందరివీ అయ్యాకే తన బుట్ట తూపించుకునే పెద్దరికం ఆవిడది. అందరూ పెద్దమ్మ అనేవారు.

"ఎనకాలోడు ఎక్కితే గానీ ముందోడిది రావట్లేదు. సూత్తన్నాను పొద్దున్నించి. మరి ఆఖర్న నానున్నాను. నా ఎనకాల ఎవులెక్కుతారూ?" అంది.

ఈ మాటతో వరస తలకిందులైంది. ఆఖర్న నిలబడితే బరువు రాదని తెలిశాక ఎవరు నిలబడతారు? తోకలో ఉన్నవాళ్ళు ముందుకి తోశారు, వెనకబడ్డవాళ్ళు మళ్ళీ ముందుకి తోశారు, వరసకి తోకే లేకుండా పోయింది. పెద్దమ్మ కర్రతో నన్ను చూపించింది. "నువ్వు తెచ్చినావు గదా ఇది. నువ్వెక్కు."

ఎక్కాను. ఏం చెయ్యను? బుట్ట ఎక్కుతుంది, దిగుతుంది. నేను ఎక్కుతాను, బుట్ట బరువు తెర మీద పడుతుంది, కేక, ఊరి కేక, చెయ్యి వదలడం. నేను దిగుతాను. ఇంకో బుట్ట ఎక్కుతుంది, అప్పుడు తెర మీద నా బరువు పడుతుంది. కేకల బాబుగారికి తెర మీద ఏం పడినా కేక వెయ్యడం అలవాటు. "కంప్యూటరు బాబూ... నలభై యేడూ!" అని ఆయన, "నలభై యేడూ!" అని సంతంతా. మధ్యాహ్నానికి నా బరువు ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కంఠతా వచ్చేసింది. ఒకసారి "నలభై యేడున్నరా!" అని పడింది. "టీ తాగినాడు" అని ఎవరో చెప్పారు. ఒకామె జాలిపడి నా చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టింది. ("తిని ఎక్కకు బాబూ, లెక్క మారిపోద్ది" అని వస్తాదు.) ఇంజినీరింగు కాలేజీలో నాకు బంగారు పతకం వచ్చిన రోజున మా ప్రిన్సిపాలు గారు నన్ను చూసి, "నువ్వు ఎత్తుకి ఎదుగుతావు" అన్నారు. కాటా ఎత్తు జానెడే, కాని ఆ రోజు అంతమంది నన్ను తలెత్తి చూడటం నిజం.

సంత పలచబడ్డాక కేకల బాబుగారు నా పక్కన వచ్చి కూర్చున్నారు. "బరువులు బాగానే పడతన్నాయి బాబూ, ఒక్క అంకె తప్పట్లేదు. ఆ మాట కాదనను. గానీ ప్రతి సంతకీ నువ్వొచ్చి ఎక్కుతావేటి? పెళ్ళి సేసుకుని ఈ కాటా మీదే కాపరం పెడతావా? సాయంత్రానికి ఇది మనిషెక్కకండా పలికిందా, ఉంచుతాను. నేదంటే ఆఖరి జీపులో పెట్టి ఎక్కించీ" అన్నారు. నేను తల ఊపాను. అవుతుందనే అనుకున్నాను. ఎలా అవుతుందో ఇంకా తెలీదు, కాని నా మీద నాకు నమ్మకం తగ్గలేదు. నలభై ఏడు కిలోల్లో ఎముకలు పోగా మిగిలిందంతా అదే.

అప్పుడు రోడ్డు మీద కమాండరు జీపు హారను మోగింది. లోపల నలుగురే ఉన్నారు. వాడు ఒకసారి సంత వైపు చూశాడు, ఒకసారి కొండ దారి వైపు చూశాడు, ఇంకో హారను కొట్టాడు, ఇంజను స్టార్టు చేశాడు. నాకు మండిపోయింది. పరుగెత్తుకెళ్ళి అడ్డం నిలబడ్డాను.

"నిండలేదు కదా! ఎందుకు కదులుతున్నావు? ఆ రోజు నన్ను అంతసేపు కూర్చోబెట్టావే!"

"ఆ రోజు జనం ఒత్తానే ఉన్నారు బాబూ, ఆగినాను. ఇయాల ఎవులూ రావట్లేదు గదా. నిండనేదని ఈ నలుగురినీ ఇక్కడే సంపమంటావేటి? ఎల్లి దింపీసొత్తాను. ఒచ్చీసరికి సామాను సర్దుకో, ఆఖరి ట్రిప్పు" అని చక్రం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ దుమ్ములో నిలబడి గట్టిగా నవ్వాను. నేను కమాండరుని పొద్దుటి పూట మాత్రమే చూసి సిద్ధాంతం రాసినవాణ్ణి. సాయంత్రం జీపు ఎలా కదులుతుందో చూడలేదు. చిప్పు పుస్తకంలో ఉన్న ఆ రెండో పిలుపు అచ్చంగా ఈ సాయంత్రం హారనే. దాన్ని వినబడనట్టు ఊరుకోమని రాసిన మహానుభావుణ్ణి నేనే. ఒక్క ఉరుకున లోపలికి వెళ్ళి, ఫ్లాపీలు దోపి, ఆ పిలుపుకి కూడా లేచి వెళ్ళమని నాలుగైదు లైన్లు రాశాను. నిండితే కదులు, నిండకపోయినా ఇంకెవరూ రావట్లేదంటే కదులు. అంతే. ఆ పాత కంప్యూటరు ఆ ప్రోగ్రాముని నములుతూ కూర్చుంది. కరెంటు పోతుందేమోనని నేను బల్బు వైపు, కేకల బాబుగారు నా వైపు చూస్తూ ఉండగా, దూరంగా ఆఖరి జీపు వస్తున్న చప్పుడు వినబడింది.

మిగిలింది పెద్దమ్మ బుట్ట ఒక్కటే. ఆవిడ ఊరివాళ్ళంతా జీపెక్కి కూర్చున్నారు. కమాండరు హారను మీంచి చెయ్యి తియ్యడం లేదు.

"బాబూ, నువ్వెక్కకు. ఆ స్తంభం కాడ నిలబడు, సేతులు కట్టుకో" అన్నారు కేకల బాబుగారు. నిలబడ్డాను. పెద్దమ్మ బుట్ట ఎక్కించింది. తెర ఖాళీగా ఉంది. ఆ ఒక్క క్షణంలో నాకు బొబ్బిలి కొట్లో ఫుట్‌వాల్వుల గ్రీజు వాసన వచ్చింది, ఒట్టు. అంతలో తెర మీద ఆకుపచ్చగా, నీడతో సహా, అంకె పడింది. ఎవరూ ఎక్కలేదు. ఎవరూ తొయ్యలేదు. దానంతట అదే పడింది.

కేకల బాబుగారు ఆ కొండ ప్రతిధ్వనించేలా కేక వేశారు. జీపులోంచి తిరుగు కేక రాలేదు. పెద్దమ్మ బుట్ట దించుకుంది గాని, అంచు మీంచి చెయ్యి తియ్యలేదు.

"బాబు ఎక్కనేదు" అంది.

"అక్కర్నేదు పెద్దమ్మా, బాగయిపోనాది. ఇంక మనిషితో పన్నేదు."

"పొద్దున్నించి అందరికీ ఎక్కినాడు. ఆ బక్క గుంటకీ ఎక్కినాడు. నాకెందుకెక్కడూ? నానేటి తక్కువా?"

ఉత్తరాంధ్రలో నన్ను మించిన డ్రైవరు రచయిత లేడని చెప్పాను కదా. ఆ రచయిత చెప్పులు విప్పి, నేరుగా వెళ్ళి కాటా ఎక్కాడు. "కంప్యూటరు బాబూ... నలభై యేడూ!" అని కేక పడింది. "నలభై యేడూ!" అని జీపంతా అరిచింది, కమాండరుతో సహా. పెద్దమ్మ అంచు వదిలి, నా గడ్డం పట్టుకుని, "బేగి తిను, బలం రావాల" అని వెళ్ళి జీపెక్కింది. కంప్యూటరు పెట్టె జీపెక్కలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దుమ్ముకే అని కేకల బాబుగారితో చెప్పాను, ఆయన నమ్మినట్టే కనబడ్డారు.

ఉద్యోగం ఖాయమైంది. బాసుగారు "అయిపోద్దిలే అన్నానా లేదా" అన్నారు. బొబ్బిలికి ఫోన్ చేసి చెబితే నాన్న, "సరేలే. ఆ కుర్చీలో పిల్లి పడుకుంటోంది. దిండు మెత్తగా ఉందని దానికి బాగా నచ్చింది" అన్నారు. ఆయన సంతోషించారో బాధపడ్డారో ఆ రోజు తెలుసుకునే ఓపిక నాకు లేదు. రెండూ అయి ఉంటాయని ఇప్పుడనిపిస్తుంది.

ఇరవై ఏళ్ళు పైనే గడిచాక, కాఫీ పళ్ళు ఎర్రబడే రోజుల్లో, మా ఆవిణ్ణి తీసుకుని అటు వెళ్ళాను. అప్పటికి ఆ చెప్పుల కొట్టు మీద మా కంపెనీ లేదు. ఆ కార్డులు, ఫ్లాపీలు ఏ చెత్తలో కలిశాయో తెలీదు. అసలు కొత్త కంప్యూటర్లకి సీరియల్ పోర్టే పెట్టడం మానేశారు. రోడ్డు వేశారు, ఆటోలు తిరుగుతున్నాయి. కేంద్రం అక్కడే ఉంది. కాటా కొత్తది, ఎర్రటి అంకెలు ఊరంతటికీ కనబడేంత పెద్దవి. బుట్ట తగిలీ తగలకముందే బరువు పడుతోంది. కేకల బాబుగారు రిటైరై వెళ్ళిపోయారట. ఆ కుర్చీలో ఆ కొండ ఊరి అమ్మాయే ఒకామె కూర్చుని ఆయనకంటే గట్టిగా కేక వేస్తోంది. నేను వెనక నిలబడి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, చూస్తున్నాను. ఆఖరి బుట్ట తూగింది, అంకె పడింది, కేక పడింది. ఆ బుట్టాయన మాత్రం అంచు వదల్లేదు. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి, వెళ్ళి కాటా ఎక్కి, తన బరువు తనే కేక వేసుకుంది. ఊరివాళ్ళు తిరిగి అన్నారు. ఆయన చెయ్యి వదిలాడు.

"అదేంటమ్మా?" అని అడిగాను.

"మొదట్నించీ అంతే సార్. ఆఖరి బుట్టయినాక మనిషి ఎక్కాల. ఎక్కకపోతే ఆ బుట్ట తూగినట్టు కాదంటారు మావోళ్ళు."

"ఎందుకట?"

"ఎందుకో ఎవులికీ తెల్దు సార్. పూర్వం పట్నంనించి ఒక పెద్ద ఇంజినీరు ఒచ్చి, దినమంతా ఎక్కి దిగీవోడంట. అంత సదివినోడు ఊరకే ఎక్కుతాడేటి అనీసి, మావోళ్ళు వొగ్గనేదు."

మా ఆవిడ నా వైపు తిరిగి చూసింది. ఈ కథ ఆవిడకి పెళ్ళైన కొత్తలోనే చెప్పాను, కాని అందులో నేను కాటా ఎక్కిన భాగం చెప్పలేదు. నేను రాసిన డ్రైవర్లలో అన్నిటికంటే గొప్పదని నేను చెప్పుకున్నది ఎక్కడా మిగల్లేదు. మిగిలిందల్లా అది పని చెయ్యని ఆ ఒక్క పూట. ఆ పూట నవ్వినవాళ్ళు దాన్ని ఇన్నేళ్ళు మర్యాదగా దాచి ఉంచారు. ఇంతలో ఆలస్యంగా ఎవరో ఒకావిడ బుట్టతో పరుగెత్తుకొచ్చింది. తూకమైంది. ఆ అమ్మాయి మళ్ళీ లేవబోతుంటే, "ఉండమ్మా, ఈసారికి నేనెక్కుతాను" అన్నాను. చెప్పులు విప్పి ఎక్కాను. ఆ అమ్మాయి ఎర్ర అంకెల్ని చూసి, నన్ను చూసి, నవ్వు ఆపుకుంటూ, "సారూ... ఎనభై తొమ్మిదీ!" అని కేక వేసింది. "ఎనభై తొమ్మిదీ!" అంది సంతంతా. ఆ కేకకి ఎక్కడో ఆ కొండల్లో నలభై ఏడు కిలోల కుర్రాడొకడు తలెత్తి చూసే ఉంటాడు. బేగి తినమన్న మాట మాత్రం విన్నాను పెద్దమ్మా, అని చెబుదామనుకున్నాను గాని, బుట్టావిడ అప్పటికే చెయ్యి వదిలేసి ఆటో వైపు వెళ్ళిపోతోంది.